యోగాకు పోనక్కర్లేదు, తయారైతే చాలు!

యోగా చేస్తే ఆరోగ్యం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆరోగ్యం వచ్చేది యోగాకు తయారవడం వల్ల! ఆ తయారీ ఒక్కటి పద్ధతిగా జరిగితే ఇక క్లాసుకు వెళ్ళే అవసరమే రాదు. వెళ్ళే ఓపిక కూడా మిగలదు, అది వేరే సంగతి.

మన పెద్దలు ఆసనాల గురించి చెప్పారు, ప్రాణాయామం గురించి చెప్పారు. తయారీ యోగం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఎలా చెబుతారు పాపం? అడవిలో ఒంటరిగా ఉండేవాళ్ళాయె. వాళ్ళకు అత్తగారు లేరు, పొయ్యి లేదు, తెల్లారుజామున వచ్చి అంతలోనే ఆగిపోయే నల్లా అసలే లేదు. లేచారు, కూర్చున్నారు, కళ్ళు మూసుకున్నారు. అదీ ఒక యోగమేనా?

తయారీ యోగాన్ని లోకానికి అందించిన ఘనత దుమ్ముగూడెం పక్కన, గోదావరి ఒడ్డు ఊళ్ళో ఉండే ప్రమీల ఇంటివాళ్ళకు దక్కుతుంది. అవునండీ, ప్రమీలకు కాదు, ఆమె ఇంటివాళ్ళకు. నమ్మరా? అయితే చెబుతాను, వినండి.

ప్రమీలకు నడుం నొప్పి. మిర్చి ఏరే ఆడమనిషికి నడుం నొప్పి ఉండటం వార్త కాదు, లేకపోతే వార్త. చలికాలంలో వంగిన నడుము ఎండాకాలం వచ్చాక లేచింది. లేచిందంటే పూర్తిగా లేవలేదు, సగంలో ఆగింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. వెల్లకిలా పడుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. వానలు పడితే నాట్లు మొదలవుతాయి. నాట్లకు వంగలేకపోతే చేను ఎవరు చూస్తారు? పక్కింటి మంగమ్మ ఇలాగే ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చి, ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ గోడను చూసినప్పుడల్లా ప్రమీల గుండె గుభేలుమంటుంది.

దుమ్ముగూడెం దవాఖానాలో డాక్టరమ్మ నడుం నొక్కి చూసి, మాత్రలు రాయకుండా కలం కింద పెట్టింది.

"మాత్రలు మింగింది చాలమ్మా. మన దవాఖానా వరండాలోనే పొద్దున ఆరింటికి యోగా క్లాసు మొదలుపెడుతున్నాం. కొత్తవాళ్ళకు మొదటి నుంచీ నేర్పుతారు. ఈ నెలంతా ఇక్కడ ఉంటుంది, వచ్చే నెల టీచరు చర్లకు వెళ్ళిపోతుంది. ఆలస్యం చెయ్యకుండా రా."

"ఏమేం తెచ్చుకోవాలె మేడమ్?"

"ఏం వద్దు. ఖాళీ కడుపుతో వస్తే చాలు."

ప్రమీల ఆ మాట నమ్మేసింది! సోమవారం పొద్దున లేచి, నడుచుకుంటూ వెళ్ళి, వరండాలో కూర్చుంటే సరిపోతుందనుకుంది. ఎంత అమాయకత్వం చూశారా? ఇంటి కోడలు ఒక గంటసేపు బయటికి పోవాలంటే లేచి పోవడమేనా? పెళ్ళికైనా ముందు మాటలుంటాయి కదండీ!

అన్నాల దగ్గర ఈ సంగతి చెప్పింది. మొగుడు పగిడయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. పగిడయ్య వార్డు మెంబరు. వచ్చేసారి సర్పంచ్ అవుదామని కల. కాబట్టి ఇంట్లో ఎవరు ఏం చెప్పినా అర్జీ తీసుకున్నట్టు వింటాడు.

"గట్లెట్ల పోతవ్? యోగా అంటే సంతనా, సంచి పట్టుకొని పోనీకి? తయారుగావద్దా?"

ఇదిగో, తయారీ యోగానికి ఇదే తొలి మంత్రం.

మొదట బట్టల సంగతి వచ్చింది. భద్రాచలంలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన కూతురు శ్రావణి పెదవి విరిచింది. "చీర కట్టుకొని యోగా ఏందమ్మా? కాళ్ళు పైకి లేపమంటే ఏం చేస్తవ్?"

పగిడయ్య తల్లి ఆదెమ్మ చెవులు అప్పటిదాకా సరిగ్గా వినబడటం లేదు. ఈ మాట మాత్రం చక్కగా వినబడింది. "ఏందీ? కాళ్ళు పైకి లేపుతరా? దవాఖానా వరండలనా?"

ఒక పూటంతా ఇంటిల్లిపాదీ కలిసి ప్రమీల కాళ్ళ గురించి చర్చించారు. ఆ కాళ్ళు చేనులో దిగబడి ఉన్నన్నాళ్ళు వాటికి ఇంత మర్యాద ఎన్నడైనా దక్కిందా? చివరికి అందరికీ నచ్చే పరిష్కారం దొరికింది. శ్రావణి చుడీదారు ప్యాంటు, దానిపైన పగిడయ్య ఫుల్‌చేతుల చొక్కా, దానిపైన తువ్వాల. ఆ వేషంలో బయటికొచ్చిన ప్రమీలను చూసి ఇంటికుక్క గుర్తుపట్టక మొరిగింది.

తర్వాత టీచరు సంగతి. టీచరు పేరు మహిమ, దుమ్ముగూడెం అమ్మాయే, చర్చి వీధి. ఆదెమ్మకు మళ్ళీ అనుమానం వచ్చింది. "గా చర్చికి పోయే పిల్ల యోగా చెప్తదా?"

"నీకు బీపీ చూసేది కూడా చర్చికి పోయే సిస్టరే గద నాయనమ్మా! అప్పుడు అడిగినవా?" అంది శ్రావణి.

ఆదెమ్మ ఆలోచించి టీచరుకు అనుమతి ఇచ్చింది.

ఆ తర్వాత ప్రాక్టీసు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా! తీరా అక్కడికెళ్ళి పడితే వార్డు మెంబరు పరువేం కావాలి? శ్రావణి ఫోన్లో వీడియో పెట్టింది. అందులో ఎవరో సన్నటి పిల్ల మంచుకొండ ముందు ఒంటికాలి మీద నిలబడి నవ్వుతోంది. ప్రమీల గడ్డివాము ముందు ఒంటికాలి మీద నిలబడింది. నవ్వు రాలేదు. మంచంలో పడుకుని ఉన్న పగిడయ్య అక్కడినుంచే తప్పులు దిద్దాడు.

"నడుం నిటారుగ పెట్టు. ఇంకా. ఇంకా! ఏందే, ఆ మాత్రం తెల్వదా?"

"నడుం నిటారుగ నిలబడితే యోగాకు ఎందుకు పోత? నువ్వు లేచి సూపియ్యి."

"నాకేం నొప్పి? నేను మంచిగనే ఉన్న."

నిజమే, ఆ ఇంట్లో మంచిగా ఉన్నది ఆయనొక్కడే.

ఇక అసలైన తయారీ. క్లాసు ఆరింటికి. మరి ఆరింటికి ఇల్లు కదలాలంటే ఆలోపల ఏం జరగాలి? వాకిలి ఊడ్చాలి, చల్లాలి. నల్లా నీళ్ళు పట్టాలి. బర్రెకు గడ్డి వెయ్యాలి, పాలు పిండాలి. ఆదెమ్మకు వేణ్ణీళ్ళు, చాయ్, మాత్ర. పగిడయ్యకు చాయ్, మళ్ళీ చాయ్. అన్నం, కూర. ఇవన్నీ ఆరింటికి ముందే కావాలంటే కోడికంటే ముందు లేవాలి. కంటినిండా నిద్రపొమ్మని డాక్టరమ్మ విడిగా చెప్పింది, అది ఇంట్లో ఎవరికీ వినిపించలేదు. ఖాళీ కడుపుతో రమ్మన్నది మాత్రం అందరికీ గుర్తుంది. అందులో ఇబ్బందేముంది? ప్రమీల కడుపు ఎలాగూ ఖాళీయే. నింపాల్సిన కడుపులు వేరే ఉన్నాయిగా!

సోమవారం వచ్చింది. ప్రమీల చీకటితో లేచి, పనంతా ముగించి, చుడీదారు మీద చొక్కా, చొక్కా మీద తువ్వాల వేసుకుని గడప దాటబోయింది. నడుం అప్పటికే కలుక్కుమంటోంది. అయినా కాలు బయట పెట్టింది.

"ఆగు కోడలా!" అంది ఆదెమ్మ. "భూమి పండగ కాలేదు గద?"

తెలియనివారి కోసం చెబుతాను. ప్రమీలావాళ్ళతో సహా ఆ ఊరి కోయవాళ్ళు భూమి పండగ చెయ్యనిదే నేలలో కొత్త విత్తనం వెయ్యరు. ముందు భూమికి మొక్కి, అమ్మా, నీ మీద నాగలి పెడుతున్నాం, ఏమనుకోకు అని అడిగి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. ఎంత చక్కని ఆచారమండీ! మట్టికి కూడా పని చెప్పే ముందు అడగాలట. ఇది మనుషులకు కూడా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో, పెద్దలు ఎందుకో మరిచిపోయారు.

"పండగకు, యోగాకు ఏం సంబంధం అత్తా?"

"ఇత్తనమే ముట్టం, కొత్త పని ముడతమా? పండగ కానియ్యి."

"నా నడుం నొప్పి పండగ చూసి వచ్చిందా? పండగైనంక నెలల ఏం మిగుల్తది? టీచరు చర్లకు పోతది!"

ఆదెమ్మ వినలేదు. చెవులు మళ్ళీ మొరాయించాయి. అప్పుడు పగిడయ్య మంచం దిగాడు. భార్య బాధ చూడలేని మనిషి కదా!

"పరేషాన్ కాకు. నీ బదులు నేను పోయి చూసొస్త. ఎట్ల చెప్తరో, ఎవరెవరు వస్తరో, అన్నీ అర్సుకొని వచ్చి నీకు చెప్త. పండగైనంక నువ్వు తయారుగ ఉంటవ్."

"నువ్వు పోతే పండగ అడ్డం రాదా?"

"నేను మొదలువెడ్తలేనే! ఉత్తగ చూస్తున్న."

ఆచారానికి ఆడవాళ్ళ దగ్గర ఒక కొలత, మగవాళ్ళ దగ్గర ఒక కొలత ఉంటుందని వెక్కిరించకండి. చూడటం, చెయ్యడం ఒకటేనా? ఇదంతా సూక్ష్మంగా ఆలోచించాల్సిన విషయం!

కింద పరుచుకోవడానికి చాప కావాలి. పగిడయ్యకు మిరపకాయలు ఆరబోసే టార్పాలిన్ కనబడింది. ఏళ్ళ తరబడి ఎర్రటి కాయ ఎండి, దుమ్ములై, గింజలై ఇంకిన టార్పాలిన్. అందులోంచి మనిషి పొడుగు ముక్క కోసి, చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. "అది వద్దయ్యా" అని ప్రమీల అంటూనే ఉంది. మిర్చి గురించి వార్డు మెంబరుకు చెప్పేదేముంది?

వరండాలో ముందు వరుసలోనే పరిచాడు. పరిచేటప్పుడు రెండుసార్లు గట్టిగా దులిపాడు కూడా, శుభ్రం ముఖ్యం కదా! మహిమ చిరునవ్వుతో, "అందరూ కళ్ళు మూసుకోండి, గుండెనిండా ఊపిరి పీల్చుకోండి" అంది.

పీల్చుకున్నారు.

మొదటి తుమ్ము మండలాఫీసు గుమస్తాది. ఆ తర్వాత ఎవరిది ఏదో చెప్పడం కష్టం. వరండా అంతా తుమ్ములు, దగ్గులు, ధారగా కన్నీళ్ళు. లోపలి వార్డులో జ్వరంతో పడుకున్న వాళ్ళు కూడా లేచి బయటికొచ్చారు. మహిమ గాలాడేలా వార్డు తలుపులన్నీ తీయించి, క్లాసు కాసేపాపి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బోర్లా పడుకోమంది. పగిడయ్యకు చెమటలు పడుతున్నాయి, చొక్కా తీసేసి పడుకున్నాడు. చెమటా మిరపదుమ్మూ కలిశాక ఏమవుతుందో మీకు చెప్పాలా? రెండు చేతులూ పైకెత్తి, గావుకేక పెట్టి, వరండాలోంచి ఎగిరి దవాఖానా నల్లా కిందికి ఉరికాడు.

ఇంకొకడైతే ఆ రోజుతో యోగాకు దండం పెట్టేవాడు. కానీ ఆయన ఎగిరినప్పుడు ఎవరో ఫొటో తీశారు. చేతులు రెండూ ఆకాశంలో, వెనకాల ఉదయించే సూర్యుడు! ఫొటోకు కేక వినబడదు కదా. మధ్యాహ్నానికి అది ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. "సూపర్ అన్నా", "మన కాబోయే సర్పంచ్", "ఫిట్‌నెస్ అంటే గిది". పగిడయ్య ఒంటికి వెన్న రాయించుకుంటూ ఆ మెసేజ్‌లన్నీ చదువుకున్నాడు. వెన్న రాసింది ఎవరో అడక్కండి, వంగలేకపోతే కూర్చుని రాసింది.

మర్నాడే భద్రాచలం వెళ్ళి నీలిరంగు చాప, ట్రాక్‌సూటు, పట్టీలున్న బూట్లు తెచ్చుకున్నాడు. ఉత్తగా చూసి రావడానికి రోజూ వెళ్ళసాగాడు. భార్య కోసం ఇంత శ్రమపడే మగవాడిని మీరెక్కడైనా చూశారా?

వచ్చాక అంతా వివరంగా చెప్పేవాడు. "ఊపిరి గిట్ల తీస్కోవాలె. గిట్ల ఇడవాలె. నువ్వు బిందె ఎత్తేటప్పుడు ఊపిరి తప్పు తీస్తున్నవ్, అందుకే నొప్పి." ఆ బిందె ఇదివరకు ఆయన ఎత్తేవాడు. ఇప్పుడు ఎత్తకూడదు. యోగా చేసినవాళ్ళు వెంటనే బరువులు ఎత్తరాదట! గడ్డిమోపు కూడా అంతే. పైగా యోగా చేసే ఒంటికి మొలకెత్తిన పెసలు కావాలి, నిమ్మకాయ నీళ్ళు కావాలి, కాస్త నెయ్యి కావాలి. ప్రమీల తయారీ ఇంకా ముందుకు జరిగింది. కోడికంటే ముందు లేచే మనిషి ఇప్పుడు పెసలకంటే కూడా ముందు లేవాల్సి వచ్చింది.

ఒకరోజు బిందె దించబోయి అలాగే గోడ పట్టుకుని నిలబడిపోయింది. పక్కింట్లోంచి మంగమ్మ చూసింది. తన గోడ పట్టుకునే చూసింది. ప్రమీలకు నిజంగా భయమేసింది.

పగిడయ్యే బండి మీద దవాఖానాకు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ కాగితం తిరగేసి, "యోగా చేస్తున్నారా?" అని అడిగింది.

"చేస్తున్నం మేడమ్!" అన్నాడు పగిడయ్య. "ఒక్కనాడు తప్పలే."

"మంచిది. నొప్పి ఎలా ఉంది?"

"నాకైతే అస్సలు లేదు మేడమ్."

డాక్టరమ్మ ప్రమీల వైపు చూసింది. ప్రమీల మొగుడి బూట్ల వైపు చూసింది. ఈ మందు వీళ్ళింట్లో భలే పనిచేస్తోంది కదా! నొప్పి ఒకరికుంటే ఆరోగ్యం ఇంకొకరికి వస్తోంది. ఇలాంటి అద్భుతం తయారీ యోగంలో తప్ప ఎక్కడా జరగదు.

ఇంతలో భూమి పండగ వచ్చింది.

ఆ రోజు మగవాళ్ళంతా వేటకని తెల్లారగట్లే అడవికి పోతారు. ఇప్పుడు వేట పేరుకే లెండి. నాలుగు దుంపలు తవ్వుకొచ్చినా, ఇంత తేనె తెచ్చినా లెక్కే. ఉత్తచేతులతో వస్తే మాత్రం ఆడవాళ్ళు ఊరుకోరు, పేడనీళ్ళు చల్లుతారు. ఆడవాళ్ళేమో రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, కోయపాటలు పాడుతూ, వచ్చిపోయే బండ్లను ఆపి పండగ మామూలు అడుగుతారు. తాడు దగ్గర ఆడవాళ్ళు అడిగింది కాదనకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మగవాళ్ళంతా అడవికి పోతే పగిడయ్య ట్రాక్‌సూటు వేసుకుని యోగాకు పోయాడు. ఆ రోజు గ్రూపు ఫొటో ఉందట మరి!

ఫొటో దిగి, హుషారుగా ఈల వేసుకుంటూ వస్తుంటే ఊరి మొదట్లో తాడు లేచింది. ఒక కొస మంగమ్మ చేతిలో, ఒక కొస ప్రమీల చేతిలో. పక్కన పీట మీద పెద్దమనిషిగా ఆదెమ్మ. ఆమె కాళ్ళ దగ్గర బకెట్ నిండా పేడనీళ్ళు.

"ఆగాగు! పండగ మామూలియ్యి!" అంది మంగమ్మ.

"అరే, నేను! పగిడయ్యను!"

"ఎవలైతేంది? ఏటకు పోయొస్తున్నవా?"

"యోగాకు పోయొస్తున్న."

"ఏం తెచ్చినవ్?"

పగిడయ్య కాసేపు ఆలోచించి, "ఆరోగ్యం" అన్నాడు.

"ఏదీ, సూపియ్యి! కూరొండుకుంటం!"

ఆడవాళ్ళ నవ్వులకు పక్క చెట్టు మీది కాకులు లేచిపోయాయి. ఎవరో బకెట్ దగ్గరికి లాగారు. పగిడయ్య జేబులు తడుముకున్నాడు. ట్రాక్‌సూటుకు జేబులే లేవు. "ఇంటికి పోయి పైసలు పంపిస్త, తాడు దించుండ్రి" అన్నాడు.

"నీ పైసలొద్దు నాకు." ఈ మాటన్నది ప్రమీల.

పాట ఆగింది.

"ఒక గంట ఇయ్యి. రేపటి నుంచి నెలాఖరు దాకా, పొద్దుగాల గంట నాది. ఆ గంట పొయ్యి నీది, నల్లా నీది, బర్రె నీది, మీ అమ్మ చాయ్ నీది. అప్పుడు దించుత తాడు."

"గంటనా? ఏం మాటే అది? ఎవరన్న తాడు కాడ గంట అడుగుతరా?"

"ఎవరూ అడగలే, అందుకే ఎవరూ ఇయ్యలే. నాకు వంగనీకి వస్తలేదయ్యా. పండుకోనీకి వస్తలేదు. నాట్లు వస్తున్నయ్. భయమైతాంది నాకు."

తాడు మాత్రం కిందికి దిగలేదు. పగిడయ్య తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, చూడే ఏమడుగుతుందో! పండగ కాకుండ కొత్త పని వద్దన్నవ్ గద?"

"అయితాంది గదరా పండగ!" అంది ఆదెమ్మ. "తాడు కాడ అడిగినంక కాదనొద్దు. నీ తాత కూడ కాదనలే. సరే అను."

బకెట్ ఇంకొంచెం దగ్గరికి జరిగింది. పగిడయ్య సరే అన్నాడు.

మధ్యాహ్నానికి అడవినుంచి మగవాళ్ళు వచ్చారు. భుజాల మీద విల్లంబులు, సంచుల్లో దుంపలు. దుంపలు తెచ్చాం కదా, మాకేం భయం అనుకున్నారు. తాడు లేచింది. దుంపలు తీసుకున్నారు, గంట కూడా అడిగారు. గోప్యా అని ఎరువుల లారీ డ్రైవరు పొరపాటున అటొస్తే అతన్నీ ఆపి, "మీ ఇంటామెకు గంట ఇస్తనని ఫోన్ చేసి చెప్పు" అని నిలబెట్టారు. ఆ పూట ఊళ్ళో పైసలు పెద్దగా వసూలు కాలేదు. గంటలు మాత్రం బాగా వసూలయ్యాయి.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో చెప్పడానికి నా కలం ఒప్పుకోవడం లేదు. నా సిద్ధాంతం మంటగలిసింది. ఆ ఆడవాళ్ళెవరూ తయారు కాలేదండీ! నిన్నటి చీరలు, ముడి విప్పని జుట్లు, కొందరికి చెప్పులు కూడా లేవు. వాకిలి ఊడ్వలేదు, పెసలు నానబెట్టలేదు. లేచారు, వెళ్ళారు. మంగమ్మను ఇద్దరు చెరో పక్కా పట్టుకుని నడిపించారు. శ్రావణి తల్లి వెంటే వెళ్ళింది.

మహిమ వాళ్ళను చూసి, చేయించాలనుకున్నవన్నీ పక్కన పెట్టింది. "ఈరోజు ఏం లేదక్కా. వెల్లకిలా పడుకోండి. కళ్ళు మూసుకోండి."

"పడుకొని ఏం చెయ్యాలె?" అంది ప్రమీల.

"ఏం చెయ్యొద్దు."

"ఉత్తగనేనా?"

"ఉత్తగనే."

ప్రమీల మోకాళ్ళు మడిచి మెల్లగా వాలింది. నడుం నేలకు ఆనడానికి మొరాయించింది. కాసేపటికి ఆనింది. ఒక కన్ను తెరిచి ఎవరైనా పిలుస్తున్నారేమోనని చూసింది. ఎవరూ పిలవలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడం కూడా ఒక పనే కాబట్టి తుడుచుకోకుండా అలాగే పడుకుంది.

సరే, అక్కడి సంగతి వదిలెయ్యండి. తయారీ యోగం చచ్చిపోయిందని మీరు దిగులుపడొద్దు. విద్య చేతులు మారిందంతే. ఊళ్ళో ఇంటింటా మగవాళ్ళు ఆ పొద్దున చాయ్‌కి తయారవుతున్నారు!

పగిడయ్య వంటింట్లోకి వెళ్ళి ముందు లైటు వేశాడు. చాయ్‌పత్తి డబ్బా ఏదో తెలియక వరుసగా అన్నీ మూతలు తీసి వాసన చూశాడు. ఫోన్లో వీడియో పెట్టుకున్నాడు. వీడియోలో అల్లం వెయ్యమన్నారు, అల్లం వెతికాడు. అల్లం కడగమన్నారు, నల్లా దగ్గరికి పోతే నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. పాలు కావాలంటే బర్రె దగ్గరికి పోవాలి, బర్రె ఆయన్ని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. తిరిగొచ్చేసరికి స్టవ్ మీద ఖాళీ గిన్నె మాడి నల్లబడింది. ఇంకో గిన్నె వెతికాడు. ఫొటో మాత్రం ఎవరూ తియ్యలేదు.

"ఇంకెంతసేపురా?" అంది గడప మీద కూర్చున్న ఆదెమ్మ.

"తయారైతున్ననే అమ్మా!"

ఇంకాసేపు చూసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. ఆ ముసలామె చేతికర్ర నేలకు ఆనించి, రెండో చెయ్యి నడుము మీద పెట్టుకుని, పళ్ళు బిగబట్టి లేచి నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె రోజూ అలాగే లేస్తోంది. పగిడయ్య ఇవాళే చూశాడు.

"యాడికే?"

"మహిమ కాడికి. నడుం నాకూ ఉన్నదిరా. మీ అయ్య ఏనాడూ అడగలే, నువ్వూ అడగలే. బండి తియ్యి."

పగిడయ్య స్టవ్ కట్టేసి బండి తీశాడు.